గర్భిణి అయిన చెల్లెలు గుడాకు మానలేకపోతోంది, మేము ఎలా మాట్లాడాలి?

ప్రశ్న:
మాది శ్రీకాకుళం జిల్లాలో ఒడిశా సరిహద్దుకు దగ్గరి ఊరు. మా చెల్లెలికి ఇప్పుడు నాలుగో నెల. పెళ్లికి ముందు నుంచే గుడాకు అనే పొగాకు ముద్దతో పళ్లు తోముకునే అలవాటు ఉంది. నెల తప్పిందని తెలియగానే మానేసింది కానీ, వేవిళ్లు మొదలయ్యాక, అది పెట్టుకుంటేనే వికారం తగ్గుతోందంటూ మళ్లీ అందుకుంది. "కడుపులో బిడ్డ మీద కూడా ప్రేమ లేదా" అని అత్తగారు నలుగురిలో అన్నప్పటి నుంచి చాటుగా వాడుతోంది. బిడ్డ కోసం అంతగా ఎదురుచూసిన మనిషి ఎందుకు మానలేకపోతోందో తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు (కౌన్సెలర్):
గుడాకు అంటే బెల్లంతో కలిపిన పొగాకే. నికోటిన్‌కు అలవాటుపడిన మెదడుకు అది అందని వేళల్లో చిరాకు, దిగులు కలుగుతాయి. గుడాకు పెట్టుకోగానే అవి తగ్గుతాయి కనుక, తన మనసును కుదుటపరిచేది అదేనని ఆమె నమ్ముతుంది. అవమానం తోడైతే ఈ ముడి మరింత బిగుస్తుంది. సిగ్గుపడిన గర్భిణి పరీక్షలకు వెళ్లినప్పుడు నర్సు అడిగినా అలవాటు లేదనే చెబుతుంది, అందవలసిన సాయం అక్కడే ఆగిపోతుంది. అందుకని ముందు అత్తగారితో మాట్లాడండి. తర్వాత చెల్లెలిని "ఏ వేళలో ఆపుకోవడం కష్టంగా ఉంది, మానితే నీకేం బాగుంటుందనిపిస్తోంది" అని అడిగి, ఆమె చెప్పేదాకా ఓపిక పట్టండి. తన నోటితో తాను చెప్పుకున్న కారణం మనం చెప్పిన కారణం కన్నా గట్టిగా నిలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 సూచనలు కూడా గర్భిణులకు ఇలాంటి మానసిక తోడ్పాటునే ముందు పెట్టాయి. వేవిళ్లకు గర్భిణులు వాడదగిన మందులున్నాయి, డాక్టరును అడగండి.

జవాబు (ఖైనీ మానిన ఒక తల్లి):
"మా అమ్మ వాడింది, నేను బాగానే పుట్టాను కదా" అన్న మాటే నన్ను చాలాకాలం ఆపింది. పొగాకు వల్ల బిడ్డ తక్కువ బరువుతోనో, నెలలు నిండకుండానో పుట్టే ముప్పు పెరుగుతుందని మా ఏఎన్ఎం అక్క కోప్పడకుండా చెప్పినప్పుడు మొదటిసారి విన్నాను. మా ఆయన కూడా నాతో పాటు మానడం వల్లే నిలబడగలిగాను. ఇంట్లో పొట్లం కళ్లెదురుగా ఉంటే నిగ్రహం నిలవదమ్మా, మీ చెల్లెలి భర్తకు అలవాటుంటే ఆయనతోనే మొదలుపెట్టండి. ఒక పూట తప్పినా అంతా పోయిందని ఆమెను అనుకోనివ్వకండి.

జవాబు (మానసిక వైద్యురాలు):
కాన్పు తర్వాతి నెలల గురించి ఇప్పుడే ఆలోచించండి. "బిడ్డ పుట్టేదాకా" అని మానినవారిలో చాలామంది, నిద్రలేమి, బాలింత దిగులు చుట్టుముట్టినప్పుడు తిరిగి మొదలుపెడతారు. ఆ రోజుల్లో ఆమెను ఒంటరిగా వదలవద్దు. ఇది చదివే వారిలో ఎవరికైనా మద్యం, కల్తీ కల్లు లేదా నిద్రమాత్రల అలవాటు ఉంటే ఒక్కసారిగా ఆపవద్దు, మూర్ఛలు రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలోనే తగ్గించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో ఉచితంగా మాట్లాడతారు. మొదటి ఫోన్ మీరు పక్కన కూర్చుని చెల్లెలితో చేయించండి.