ఒక్కరోజు తప్పితే సున్నా: అలవాట్ల యాప్‌లో స్ట్రీక్ ఉండాలా, వద్దా?

వేకువనడక
నాకు 52 ఏళ్లు. షుగరు అంచున ఉందని డాక్టరు చెప్పినప్పటి నుంచి పొద్దున్నే నడుస్తున్నాను. మా అబ్బాయి ఫోనులో ఒక యాప్ పెట్టి ఇచ్చాడు. నడిచిన రోజు గుండ్రటి బొమ్మ నొక్కితే నిప్పు గుర్తు పక్కన అంకె ఒకటి పెరుగుతుంది. తప్పకుండా వరుసగా ఎన్ని రోజులు చేశామో చెప్పే ఆ అంకెనే స్ట్రీక్ అంటారట. ఆ అంకె కోసమే చెప్పులు తొడిగిన రోజులూ ఉన్నాయి. 46 దాకా వచ్చింది. 47వ రోజు మేనకోడలి పెళ్లి. తెల్లవారుజామున ముహూర్తం, పగలంతా భోజనాల దగ్గర నిలబడడం, రాత్రి అప్పగింతలు. పడుకోబోతూ ఫోను చూస్తే పన్నెండు దాటింది, నిప్పు పక్కన సున్నా. ఆ తర్వాత మూడు వారాలు నడకకు వెళ్లలేదు. ఒంట్లో బాగాలేక కాదు, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టడానికి మనసొప్పక.

ఇలా సున్నా చేయని యాప్ ఏదైనా ఉందా? లేక లోపం నాలోనే ఉందా?

ఉప్పుకారం
పెళ్లివారింట్లో రోజంతా తిరిగారు కదా, అదీ నడకే. నొక్కేయాల్సింది!

వేకువనడక
నొక్కవచ్చు. ఒకసారి అలా నొక్కితే ఇక ఆ అంకెను నేనే నమ్మను.

లెక్కలపంతులు
ఆండ్రాయిడ్ ఫోనైతే లూప్ హ్యాబిట్ ట్రాకర్ చూడండి. ఉచితం, ప్రకటనలు ఉండవు, ఖాతా తెరవమని అడగదు. వరుసగా చేసిన రోజులు ఇందులోనూ కనిపిస్తాయి కానీ అసలు లెక్క శాతంలో ఉంటుంది. రోజూ చేసే పని అని పెట్టుకుంటే మొదటి పది రోజులకు సుమారు 41 శాతం, మీలా 46 రోజులు చేస్తే 91 దాకా వస్తుంది. ఒకరోజు మానితే 91 కాస్తా 87కి దిగుతుంది. మర్నాడు కూడా మానితే 82. నెల కిందటి నడకకూ ఎంతో కొంత విలువ మిగులుతుంది, నిన్న మొన్నటి వాటికి బరువు ఎక్కువ. వారానికి నాలుగు రోజులు చాలనుకుంటే అలాగే పెట్టుకోవచ్చు, మిగతా మూడు రోజులు తప్పు కింద రాయదు.

ఒక ఇబ్బంది ఉంది. లెక్కంతా ఫోనులోనే ఉంటుంది కాబట్టి ఫోను పోతే అదీ పోతుంది. అప్పుడప్పుడు ఫైలుగా తీసి వేరేచోట దాచుకోవాలి.

గోదారిగట్టు
పంతులుగారితో నేను ఏకీభవించను. 91 నుంచి 87కి దిగితే ఎవరికి నొప్పి? నొప్పి లేనిచోట నాలాంటివాడు రెండో రోజూ మానేస్తాడు. పదిహేనేళ్లు సిగరెట్లు తాగినవాడిగా చెబుతున్నాను, మనిషిని ముంచేది "ఈ ఒక్కరోజుకే కదా" అన్న మాట. నేను అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజుల్లో ఒక్కటి కూడా ముట్టలేదు. మాలలో 87 శాతం దీక్ష అంటూ ఉండదు. స్ట్రీక్ కూడా అలాంటిదే. సున్నా అవుతుందన్న భయమే దాని పని. ఆ భయం తీసేస్తే మిగిలేది మార్కుల జాబితా.

నిద్రగన్నేరు
మాల తీసిన మర్నాడు ఏమైందో కూడా రాయండి అన్నయ్యా.

గోదారిగట్టు
మర్నాటి దాకా ఎందుకమ్మా, తిరుగు ప్రయాణంలో రైలు దిగగానే స్టేషన్ బయటే వెలిగించాను. మొదటి రెండేళ్లూ అంతే. మూడో ఏడు సిగరెట్టే మానేశాను.

నిద్రగన్నేరు
నిజం చెప్పినందుకు సంతోషం. మా నాన్నగారు పదకొండుసార్లు మాల వేశారు కాబట్టి ఇంట్లో నుంచి చూసిన మాట చెబుతాను. ఆ 41 రోజులూ మా వంటగది మారిపోయేది. చాప మీద పడక, చన్నీటి స్నానం. బయట చిన్నా పెద్దా అందరూ "స్వామీ" అని పిలిచేవారు. రోజూ అడగకుండానే సిగరెట్టు తీసిచ్చే కిళ్లీకొట్టు అతను ఆ రోజుల్లో నమస్కారం పెట్టి సోడా ఇచ్చేవాడు. వీధి వీధంతా ఒక మనిషి నియమాన్ని కాపలా కాసింది. ఫోనులోని నిప్పు గుర్తుకు అంత బలగం ఎక్కడిది? పైగా మాలకు ఇరుముడి, కొండ, తిరిగి రావడం ఉన్నాయి. ఎప్పుడు ముగుస్తుందో వేసుకున్న రోజే తెలుసు. యాప్‌లో స్ట్రీక్‌కు ముగింపు రోజే లేదు, అది ఎప్పటికైనా తెగవలసిందే. తెగడం ఖాయమైనదాన్ని చూపించి భయపెట్టడం నాకు నచ్చదు.

ఉప్పుకారం
21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందంటారు కదా. 46 రోజుల తర్వాత కూడా మూడు వారాలు మానేశారంటే?

లెక్కలపంతులు
ఆ 21 మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన మాట నుంచి వచ్చింది. శస్త్రచికిత్స తర్వాత రోగులు తమ కొత్త ముఖానికి అలవాటు పడడానికి కనీసం 21 రోజులు పడుతున్నట్టు తాను గమనించానన్నాడు. అందులో "కనీసం" ఎగిరిపోయింది, ముఖం కాస్తా వ్యాయామమైంది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని 12 వారాలపాటు పరిశీలించి 2009లో ఫలితాలు వెల్లడించింది. అలవాటు కుదురుకోవడానికి పట్టిన కాలం 18 రోజుల నుంచి 254 దాకా ఉంది, మధ్యస్థం 66. ఈ చర్చకు పనికొచ్చేది మరొకటి: ఒక్కరోజు తప్పినవాళ్ల అలవాటుకు చెప్పుకోదగ్గ నష్టం జరగలేదు.

పాతరేడియో
12 వారాలంటే 84 రోజులు. 254 ఎక్కడి నుంచి వచ్చింది పంతులుగారూ?

లెక్కలపంతులు
పట్టేశారు. అది ఆ 84 రోజుల లెక్కతో గీత గీసి, దాన్ని ముందుకు పొడిగించి వేసిన అంచనా. ఆ గీత సరిగ్గా కుదిరింది కూడా 39 మందికే. వాళ్లు ఎంచుకున్నవి భోజనంతో పండు తినడం, నీళ్లు తాగడం, కాస్త పరుగెత్తడం వంటి పనులు. సిగరెట్టు మానడం వేరు, అక్కడ గోదారిగట్టు గారి మాటలో పస ఉందని ఒప్పుకుంటాను.

చింతచిగురు
ఇంతమంది చదువుకున్నవారి మధ్య ఒక ఇల్లాలి లెక్క చెప్పనా? మా వంటింటి గోడ మీద పంచాంగం క్యాలెండరు ఉంది. పాలవాడు వచ్చిన రోజు ఏమీ రాయను, రాని రోజు తేదీ చుట్టూ సున్నా చుడతాను. నెలాఖరున సున్నాలు లెక్కపెట్టి, అన్ని రోజుల డబ్బు తగ్గించి ఇస్తాను. నా యోగాకూ అదే పద్ధతి పెట్టుకున్నాను, మానిన రోజుకే పచ్చ పెన్నుతో చుక్క. కిందటి నెల నాలుగు చుక్కలు. ఫోను తీయాల్సిన పని లేదు. ఫోను తీస్తే యోగా అయ్యేది కాదు, వాట్సాప్ అయ్యేది.

పాతరేడియో
అమ్మా, యోగాకు సరే. మాత్రలకు మాత్రం ఆ పద్ధతి వద్దు. నాది బీపీ మాత్ర. ఖాళీ గడి చూస్తే వేసుకున్నట్టా, వేసుకోక గుర్తు పెట్టడమూ మరిచినట్టా? ఒకసారి ఆ అనుమానంతోనే రెండుసార్లు వేసుకుని మధ్యాహ్నమంతా కళ్లు తిరిగి పడుకున్నాను. వారం రోజుల గడులున్న ప్లాస్టిక్ డబ్బా కొనుక్కున్నాక ఆ గొడవ లేదు. మంగళవారం గడి ఖాళీ అయితే వేసుకున్నట్టే.

చింతచిగురు
నిజమే సుమండీ, నాకు తట్టలేదు. మా ఆయనకూ ఒక డబ్బా కొంటాను.

నిద్రగన్నేరు
ఏ యాప్ అయినా పెట్టుకోండి కానీ, మొదటి తెరలోనే ఫోను నంబరు, కాంటాక్టులు అడిగేవాటిని అక్కడే తీసేయండి. నేను పళ్లు తోముకున్నానని రాసుకోవడానికి మా పిన్ని నంబరు దానికెందుకు?

గోదారిగట్టు
నా పక్షం నేను వదలను. అయితే వేకువనడక గారికి స్ట్రీక్ పడదు, అది ఆయన రాసిన మొదటి మాటలోనే ఉంది. తెగితే రోషం వచ్చేవాళ్లు కొందరు, నీరుగారిపోయేవాళ్లు కొందరు. ఆయన రెండో రకం. నాకు తెగితే రోషం, నన్ను నా నిప్పుతో వదిలేయండి.

వేకువనడక
పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. లూప్ పెట్టాను, పాత యాప్ తీసేశాను. రోజూ నడక అనే పెట్టుకున్నాను. వారానికి నాలుగు అంటే నేను నాలుగుకే ఆగిపోయే రకం. పది రోజులు నడిచాక పంతులుగారు చెప్పినట్టే 41 చూపించింది. మొన్న తెల్లవార్లూ వాన, వెళ్లలేదు. సాయంత్రం కాస్త భయంగానే తెరిచాను. 39. మా ఆవిడకు చూపిస్తే, "రెండు మార్కులు పోతే ఏమైంది, రేపు గొడుగు తీసుకెళ్లండి" అంది. నిన్న గొడుగు పట్టుకునే వెళ్లాను. వాన రాలేదు.