జీన్ ‘వ్యక్తమవుతుందా’, ‘పలుకుతుందా’?

తిరుపతి నుంచి అడుగుతున్నాను. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో బయాలజీ చదివాను, తెలుగు మీ అంత రాదు. గర్భసంచి లోపలి పొరకు వచ్చే కేన్సర్ మీద వ్యాసం రాస్తూ ‘జన్యు వ్యక్తీకరణ’ దగ్గర ఆగిపోయాను. జీన్ ఎక్స్‌ప్రెషన్ అంటారే, జీన్ పనిలోకి దిగి తన ప్రోటీన్ తయారు చేయించడం, దానికి వాడే మాట ఇది. మా అమ్మకు చదివి వినిపిస్తే “ఏమి వ్యక్తం చేస్తుందే అది, సంతాపమా?” అంది.

విషయం ఇదీ. మనిషిలో హాక్స్ జీన్లు 39. పిండంలో ఏ భాగం ఎక్కడ రావాలో తేల్చేవి ఇవే. హాక్స్‌ఏ9 ఫెలోపియన్ ట్యూబులకు, ఏ10 గర్భసంచికి, ఏ13 యోని పైభాగానికి, అట్లా వరసగా. ఏ10 అంతటితో ఊరుకోదు. పెద్దయ్యాక కూడా నెలనెలా ప్రొజెస్టెరాన్ హార్మోన్ పెరిగే రోజుల్లో అదీ పెరిగి, పిండం అంటుకునేలా పొరను సిద్ధం చేస్తుంది. ఆ పొర కేన్సర్లు చాలావాటిలో ఇదే తగ్గిపోతుంది. జీన్ ఎక్కడికీ పోదు. దాని మొదట్లో మిథైల్ గుంపులనే చిన్న రసాయన ముక్కలు అతుక్కుని నోరు కట్టేస్తాయి.

‘నోరు కట్టేస్తాయి’ అని రాశాక అనిపించింది, ‘పలకడం’ అంటే ఎట్లుంటుంది?

చిత్తూరు నుంచి: మా పక్క అరవంలో దీన్ని ‘వెళిప్పాడు’ అంటారక్కా. మన ‘వెలువడు’కు చుట్టమే. కానీ ‘జన్యువు వెలువడింది’ అంటే డీఎస్సీ నోటిఫికేషన్ లాగుంది. పలకడమే మేలు.

రిటైరైన తెలుగు అయివారు: వీణ పలకడం వేరు, పిలిస్తే పలకడం వేరు. మీకు కావలసింది రెండోది. ప్రొజెస్టెరాన్ పిలుస్తుంది, ఏ10 పలుకుతుంది. కేన్సర్లో ఎంత పిలిచినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. మా అవ్వ వీధి చివర్నుంచి “పిలస్తా ఉంటే పలకవేమిరా” అని అరిచేది, అదే. ‘వ్యక్తీకరణ’లో పిలిచేవాళ్లెవరూ ఉండరు. దానికి ప్రేరణార్థకం చేయండి చూద్దాం: వ్యక్తీకరింపజేయు! పలుకుకు ‘పలికించు’ సిద్ధంగా ఉంది.

మళ్లీ నేను: అయివారూ, అసలు చోటే పట్టుకున్నారు. హాక్స్ జీన్ల నుంచి తయారయ్యే ప్రోటీన్లు వేరే జీన్ల దగ్గర కూర్చుని కొన్నిటిని పలికిస్తాయి, కొన్నిటి నోరు మూయిస్తాయి. డీఎన్‌ఏను పట్టుకునే ముక్క 60 అమైనో ఆమ్లాలది. పండ్ల ఈగలో ఇట్లాంటి జీన్ ఒకటి తలలో, పలకకూడని చోట పలికితే మీసం బదులు కాలు మొలుస్తుంది.

ఒక విద్యార్థి: మరి ఓవర్ ఎక్స్‌ప్రెషన్‌ను? ‘వదరడం’ అందామా?

అయివారు: బాగుంది గానీ డాక్టర్లు నవ్వుతారు. ‘అతిగా పలకడం’ చాలు.

విద్యార్థి: పరీక్షలో ‘పలుకు’ అని రాస్తే మాత్రం మార్కులు పడవు సార్.

ఒక నర్సు: పలుకు సంగతి మీరు చూసుకోండి, నాకు ‘గర్భసంచి కేన్సర్’ అనే మాటతోనే టెన్షన్. మా వార్డులో ముఖద్వారం కేన్సర్నీ అదే అంటారు. హెచ్‌పీవీ వైరస్‌తో వచ్చేది, టీకా ఉన్నది అది. మీరు రాసేది వేరు. ప్రతిసారీ ‘లోపలి పొర’ అని రాయండి మేడమ్. ‘మెనోపాజ్ అనంతరం’ కూడా వద్దు. ‘ముట్లుడిగాక మళ్లీ రక్తం కనిపిస్తే వెంటనే చూపించుకోండి’ అంటే మా పేషెంట్లకు తెలుస్తుంది.

నేను: మార్చాను. ‘అంతస్త్వచం’ అని ఒకచోట రాసుంటిని, అదీ కొట్టేశాను. అమ్మకు రాత్రి మళ్లీ చదివి వినిపిస్తాను.