అప్‌డేట్: అమ్మతో ఢిల్లీ నుంచి ఆగ్రా, మథుర బస్సు టూర్

మోకాళ్ల నొప్పులున్న అమ్మతో ఢిల్లీ నుంచి ఆగ్రా, మథుర, బృందావనం ఒకే రోజులో బస్సులో చూసి రావచ్చా అని అడిగాను కదా, వెళ్లొచ్చాం. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

తాజ్‌కు శుక్రవారం సెలవు, అందుకని బుధవారం పెట్టుకున్నాం. బస్సు గేటు దాకా పోదు, బ్యాటరీ బండి ఎక్కాలి. అమ్మకు అదే నయమైంది. టికెట్టు 50 రూపాయలు, సమాధి లోపలికి వెళ్లాలంటే ఇంకో 200. గైడు తాజ్ దగ్గర నాలుగు ముక్కలు చెప్పి, పాలరాతి బొమ్మల కొట్లో మాత్రం ముప్పావుగంట కూర్చోబెట్టాడు. అమ్మ పైసా తియ్యలేదు, ఏసీ కింద హాయిగా కాళ్లు చాపుకుంది! ఆ టైమంతా ఆగ్రా కోటలో కోత పడింది.

మథుర జన్మభూమి గుడిలోకి ఫోన్లు రానివ్వరు, బస్సులోనే వదిలేశాం. బృందావనం చేరేసరికి చీకటి పడింది. బాంకే బిహారీ గుడి సందులో తోపులాట చూసి అమ్మ బయటి నుంచే దణ్ణం పెట్టుకుంది. పెద్దవాళ్లతో అయితే మథురలో ఒక రాత్రి ఆగడమే మేలు. అన్నట్టు, బృందావనంలో కళ్లజోడు తీసి జేబులో పెట్టుకోండి, కోతులు లాక్కుపోతాయి.