కొత్తగా సర్క్యూట్ వ్యాయామం మొదలుపెట్టేవారు టైమర్ చూడాలా, లెక్క పెట్టాలా?

మూడో అంతస్తు: నాకు నలభై దాటాయి, పగలంతా కుర్చీలోనే గడుస్తుంది. జిమ్‌కు వెళ్లే వీలు లేదు. అందుకని 2013లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ వారి పత్రికలో వచ్చి, ఫోన్ యాప్‌ల ద్వారా అందరికీ చేరిన ‘ఏడు నిమిషాల’ సర్క్యూట్‌తో మొదలుపెడదామనుకుంటున్నాను. అందులో 12 వ్యాయామాలు ఒకదాని తరువాత ఒకటి చేయాలి; ఒక్కొక్కటి 30 సెకన్లు, మధ్యలో 10 సెకన్ల విరామం. మా తమ్ముడేమో టైమర్ జోలికి పోకుండా లెక్క పెట్టుకుని చేయమంటున్నాడు. మీరేమంటారు?

విశ్రాంత పీఈటీ: మీ తమ్ముడి మాటే నా మాట. కొత్తవారు పుషప్‌లు తీస్తుంటే పక్కన నిలబడి గమనించండి. మొదటి నాలుగైదు బాగానే వస్తాయి. ఆ తరువాత నడుము కిందికి జారుతుంది, మోచేతులు పక్కలకు విచ్చుకుంటాయి, ఛాతీకి బదులు గడ్డం నేలను వెతుక్కుంటుంది. టైమర్‌లో ఇంకా సగం సమయం మిగిలి ఉంది కనుక ఆ మనిషి ఆపడు. ఇక ఆ 10 సెకన్ల విరామం నేల మీది నుంచి లేచి కుర్చీ దగ్గరికి చేరేసరికే అయిపోతుంది.

1950లలో ఇంగ్లండ్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో ఈ సర్క్యూట్ పద్ధతిని రూపొందించిన మోర్గాన్, ఆడమ్సన్‌లు ముందుగా ప్రతి విద్యార్థీ ఒక్కో వ్యాయామాన్ని గరిష్ఠంగా ఎన్నిసార్లు చేయగలడో పరీక్షించి, అందులో సగాన్నే అతని మోతాదుగా నిర్ణయించి, మూడు చుట్లు చేయించేవారు. మీరూ అదే పాటించండి. కుర్చీలో కూర్చుని లేవడం మీకు పన్నెండు సార్లు వస్తే ఆరుతో ఆపండి. నేల మీద పుషప్ రాకపోతే వంటింటి గట్టుకు చేతులు ఆనించి తీయండి. చుట్టుకూ చుట్టుకూ మధ్య మాట తడబడకుండా మాట్లాడగలిగేంత వరకు ఆగండి.

టైమర్ పక్షం: మాస్టారూ, లెక్క పెట్టుకుని చేసేవారు రెండు వ్యాయామాల మధ్య ఫోన్ తీసి పావుగంట దానిలోనే మునిగిపోవడం మీరు చూడలేదా? పైగా 30 సెకన్లలో ఎన్ని చేయాలన్నది టైమర్ చెప్పదు. ఆ వ్యవధిలో నాన్న అయిదు తీయవచ్చు, కొడుకు పదిహేను తీయవచ్చు, ఇద్దరూ ఒకేసారి తరువాతి వ్యాయామానికి వెళతారు. లెక్కతో ఆ సౌకర్యం ఉండదు. అన్నట్టు, మీరు చెప్పిన లీడ్స్ పద్ధతిలోనూ మూడు చుట్లకు పట్టిన సమయాన్ని కొలిచేవారు కదా!

విశ్రాంత పీఈటీ: కొలిచేవారు, నిజమే. అయితే మొత్తానికి ఎంత పట్టిందో చూసుకోవడం వేరు, ఒక్కో వ్యాయామం మీదా గంట మోగించడం వేరు. అయిదుతో ఆపే వివేకం ఉన్నవారికి టైమర్ వల్ల హాని లేదు; కొత్తవారిలో ఆ వివేకం అరుదు. ఇక ఈ వాదనలో, కొద్దిసేపు తీవ్రంగా చేసే వ్యాయామం మీద ప్రయోగం చేసిన జపాన్ పరిశోధకుడు తబాటా పేరు ఎవరో ఒకరు తెస్తారు కాబట్టి ముందే చెబుతున్నాను: 1996లో ప్రచురితమైన ఆ ప్రయోగం, 20 సెకన్ల శ్రమ, 10 సెకన్ల విరామంతో, వ్యాయామ సైకిల్ మీద, అలవాటున్న యువకులతో జరిగింది. సైకిల్ మీద ఎంత అలసినా నడుము నేలకు జారదు.

ఫిజియోథెరపీ నా వృత్తి: టైమరా, లెక్కా అన్నదానికంటే పెద్ద లోటును ఇద్దరూ వదిలేశారు. ఆ పన్నెండింటిలో నెట్టేవి, కూర్చుని లేచేవి, గెంతేవి, పొట్ట బిగించేవి ఉన్నాయి. చేతులతో లాగేది ఒక్కటీ లేదు. రోజంతా కంప్యూటర్ ముందు భుజాలు ముందుకు వాల్చి కూర్చునే మనిషికి వీపు కండరాల పనే ముఖ్యం. ఒక సంచిలో మూడు నాలుగు కిలోల బియ్యం పోసి, నడుము వంచకుండా తుంటి దగ్గర ముందుకు వంగి, మోచేతిని వెనక్కి తీసుకుంటూ పక్కటెముకల దాకా లాగండి. రక్తపోటు ఉన్నవారైతే గోడకుర్చీ, ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని నిటారుగా నిలపడం) వంటివాటిలో ఊపిరి బిగపట్టకూడదు. అసలు మొదలుపెట్టే ముందే డాక్టరును అడగడం మంచిది.

మూడో అంతస్తు: అయితే మొదటి నెల లెక్కతోనే, వారానికి మూడు రోజులు, బియ్యం సంచితో కలిపి చేస్తాను. ఒక్క సందేహం: గెంతే జంపింగ్ జాక్స్ మొదలుపెడితే కింది ఇంటివారు ఊరుకోరు.

విశ్రాంత పీఈటీ: దాని బదులు ఉన్నచోటే మోకాళ్లు నడుము ఎత్తుకు లేపుతూ కవాతు చేయండి. గుండె వేగం చాలినంత పెరుగుతుంది, మోకీళ్లకూ మంచిదే.