సువేగ మోపెడ్ స్టార్టయ్యి ఆగిపోతోంది, ఇంజిన్ మార్చేయాలా?

ప్రశ్న: అన్నలందరికీ నమస్కారం. మా తాతయ్య 1974లో కొన్న సువేగ ఇది. చాలా ఏళ్లు కొట్టంలో పడి ఉంది. ప్లగ్ మార్చి, కొత్త పెట్రోలు పోసి తొక్కితే స్టార్టయింది. కానీ కాసేపు నడిచి ఆగిపోతోంది, కాసేపాగితే మళ్లీ స్టార్టవుతుంది. పికప్ అసలు లేదు. దీని సామాను దొరకదు, వేరే మోపెడ్ ఇంజిన్ వేసేద్దాం అంటున్నాడు మా మెకానిక్. వేయించమంటారా?

జవాబు: వద్దు తమ్ముడూ. మన తిరుపతిలో మోపెడ్స్ ఇండియా వాళ్లు ఫ్రాన్స్ మోటోబెకాన్ కంపెనీ సాంకేతికతతో చేసిన బండి అది. 1949లో అక్కడ వచ్చిన మోబిలెట్ అనే మోపెడ్ దీనికి మూలం. ఆ 50 సీసీ ఇంజిన్, బెల్టు, పెడల్స్ దగ్గరుండే పెద్ద పుల్లీ, అక్కడి నుంచి వెనక చక్రానికి గొలుసు, అన్నీ ఒకదానికొకటి అమర్చి చేసినవి. వేరే ఇంజిన్ పెట్టాలంటే ఫ్రేము కోసి వెల్డింగ్ చేయాలి. కోశాక అది సువేగ కాదు. పైగా నువ్వు చెప్పే లక్షణాలకు ఇంజిన్ పోయినట్టు నాకు అనిపించట్లేదు.

ముందు ఒక పని చెయ్. బండి ఆగిన వెంటనే పెట్రోలు ట్యాంకు మూత వదులు చేసి మళ్లీ తొక్కు. వెంటనే అందుకుంటే మూతకున్న గాలి రంధ్రం మూసుకుపోయి పెట్రోలు కిందికి దిగట్లేదన్నట్టే. అందుకోకపోతే ట్యాంకులో తుప్పు, పెట్రోలు కాక్‌లో ఉండే జాలీ, కార్బురేటర్ జెట్ (పెట్రోలు వెళ్లే సన్న రంధ్రమున్న ముక్క) చూడు. జెట్‌లో ఇనుప తీగ పెట్టి పొడవొద్దు, రంధ్రం పెద్దదవుతుంది. పెట్రోలులో నానబెట్టి గాలి కొట్టిస్తే చాలు. పాత రబ్బరు పైపు కూడా తీసేయ్, ఇప్పటి ఇథనాల్ కలిసిన పెట్రోలుకు అది మెత్తబడి పొట్టు రాలుతుంది.

మళ్లీ ప్రశ్న: అన్నా, మూతే! సూదితో రంధ్రం శుభ్రం చేశాను, ఇప్పుడు ఆగట్లేదు. పికప్ మాత్రం అలాగే ఉంది. ఎత్తు వస్తే పెడల్ తొక్కాల్సిందే.

జవాబు: అయితే సైలెన్సర్ విప్పు. టూ స్ట్రోక్ బండి, పెట్రోలులోనే ఆయిల్ కలపాలి, ఆ రోజుల్లో ఆయిల్ ఎక్కువ పోసేవాళ్లు, కచ్చితంగా కార్బన్ మసి పట్టి ఉంటుంది. విప్పాక సిలిండర్ పక్క పొగ వెళ్లే దారిలోకి టార్చి వేసి చూడు. నల్లగా, గట్టిగా పెచ్చు కట్టి దారి సగమై ఉంటుంది. ప్లగ్ తీసి, పిస్టన్ పైకి తెచ్చి, దాని గోడ ఆ దారిని మూసేలా ఆపు. అలాగైతే పొట్టు లోపల పడదు. ఇప్పుడు వెదురు పుల్లతో నెమ్మదిగా గీకు. స్క్రూడ్రైవర్ వాడితే పిస్టన్‌కు గీత పడుతుంది, ఆ పిస్టన్ మళ్లీ దొరకడం నిజంగా కష్టం. సైలెన్సర్‌కు క్రోమ్ ఉంటే మంటలో కాల్చకు, నీలం తిరుగుతుంది. కాస్టిక్ సోడా నీళ్లు పోసి రాత్రంతా ఉంచి కడుగు. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. అల్యూమినియం భాగాలకు ఆ నీళ్లు తగలనివ్వకు.

అదే చేత్తో ప్లగ్‌కు స్పార్క్ ఇప్పించే పాయింట్లు కూడా చూడు, గ్యాప్ 0.4 మి.మీ. ఉండాలి. లీటరు పెట్రోలుకు 40 మి.లీ. 2టీ (టూ స్ట్రోక్) ఆయిల్, క్యాన్‌లో కలిపాకే ట్యాంకులో పొయ్యి. నెల రోజులు తీయవనుకుంటే ట్యాంకు, కార్బురేటర్ రెండూ ఖాళీ చేసి పెట్టు, ఇథనాల్ తేమ లాగుతుంది.

ఇంకొకరి జవాబు: కాగితాల సంగతి కూడా చూసుకోండి బాబూ. 50 ఏళ్లు దాటిన బండ్లకు 2021లో వచ్చిన వింటేజ్ (పాతకాలపు బండ్ల) నిబంధనల కింద ‘వీఏ’ అక్షరాలున్న నంబరు ఇస్తారు, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు. ఛాసిస్ (బండి ఫ్రేము), బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చి ఉండకూడదు. మీ మెకానిక్ మాట విననందుకు ఇక్కడే లాభం. అయితే ఆ రిజిస్ట్రేషన్‌తో రోజూ తిరగడానికి వీల్లేదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు, రిపేరుకు, పెట్రోలుకు తీయొచ్చు. రోజూ నడపాలని ఉంటే తాతగారి పాత ఆర్సీనే రెన్యువల్ చేయించండి, ఐదేళ్లకోసారి ఇస్తారు. ముందు పాత ఆర్సీ వెతికి, ఛాసిస్ నంబరు దాంతో సరిపోతోందో లేదో చూడండి. రంగు వేసేటప్పుడు ఆ నంబరు మీద మాత్రం పుట్టీ పడనివ్వకండి.