మధ్యాహ్నం 2 గంటలకే ఆగిపోయే గేటు మోటార్: ఏసీది తీసేసి డీసీ పెట్టించాలా?

పేట_అబ్బాయి (శనివారం, రాత్రి 9:40)
మాది నరసరావుపేట. నేనుండేది హైదరాబాద్, ఇంట్లో అమ్మా నాన్నే ఉంటారు. పోయిన ఆగస్టులో గేటుకి మోటార్ పెట్టించా. స్లైడింగ్ గేటు, 14 అడుగులు, ఐరన్ ఫ్రేముకి బయటవైపు మొత్తం షీటు కొట్టి డార్క్ బ్రౌన్ పెయింట్ వేశారు, పడమర వాకిలి. మోటార్ 230 వోల్టుల ఏసీది. మార్చి దాకా వెన్నలా నడిచింది, ఏప్రిల్ సగం నుంచి మొదలైంది గోల. నాన్నకి ఎరువుల కొట్టుంది, 2 గంటలకి భోజనానికి వస్తారు, 4 గంటలకి మళ్ళీ వెళ్తారు. సరిగ్గా ఆ రెండు టైముల్లోనే గేటు సగం జరిగి ఆగి గుయ్యిమంటది, కాసేపటికి ఆ మూలుగు కూడా ఉండదు. ముప్పావు గంట ఆగితే మళ్ళీ మామూలే. పొద్దున, రాత్రి ఒక్కసారి కూడా ఆగలేదు.

పెట్టినాయన మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ సాయంత్రం ఆరున్నర దాటాకే. రిమోట్ నొక్కుతాడు, గేటు రయ్యిన పోద్ది, బానే ఉంది కదండీ అంటాడు, 600 విజిటింగ్ చార్జీ తీసుకుని పోతాడు. రెండోసారి కెపాసిటర్ మార్చాడు, దానికి వేరే డబ్బులు. ఇప్పుడేమో ఏసీ మోటార్లు మన ఎండలకి ఆగవు, డీసీ పెట్టించుకోండి, 38 వేలవుద్ది అంటున్నాడు. నిజంగా ఎండకి మోటార్ పోద్దా? తెలిసినవాళ్ళు చెప్పండి.

రామగుండం_రిటైర్డ్ (రాత్రి 10:15)
38 వేలు పక్కకు వెట్టు, ముందు ఒకటి చెప్పు. గేటు ఆగినంక మీ నాయిన రిమోట్ ఎన్నిసార్లు ఒత్తుతడు? నేను కరెంటు ప్లాంటుల 31 ఏండ్లు జేసిన, మోటార్ల కాడనే నెత్తి నెరిసింది. ఎండకు మోటార్ కాలదు. వైండింగ్ అంటే లోపటి రాగితీగ చుట్ట, దాని మీది ఇన్సులేషన్ పూత ఎఫ్ క్లాసుదైతే 155 డిగ్రీల దాక ఆగుతది, బి క్లాసుదైనా 130 దాక. గేటు మోటార్ల వైండింగ్‌లనే చిన్న థర్మల్ స్విచ్ ఉంటది, వేడి హద్దు దాటితే కరెంటు తెంపుతది, సల్లవడ్డంక మల్ల కలుపుతది. నువ్వు జెప్పిన ముప్పావు గంట గదే. అంటే నీ మోటార్ మంచిగున్నది గనుకనే ఆగుతున్నది. మోటార్లకు రేటింగ్ ఇచ్చేదే 40 డిగ్రీల గాలికి, నీ మోటార్ డబ్బా ఎండల ఉంటే లోపట 60 దాటుతది, గాలి ఆడది. దాని మీద రేకు నీడ వెయ్యి, కథ ఒడిసింది.

ఉల్లిదోశ (రాత్రి 10:31)
గేటుక్కూడా మధ్యాహ్నం కునుకు కావాలేమో పాపం. మా ఆఫీసులో అందరికీ అదే జబ్బు.

బెజవాడ_ఫిట్టర్ (రాత్రి 11:02)
పెద్దాయన చెప్పిన థర్మల్ స్విచ్ ఉంది, కాదనను. కానీ 14 అడుగుల గేటు జరగడానికి 20, 25 సెకన్లు, అంతలో ఏ మోటారూ థర్మల్‌కి పోదు. ముందు గేటు పట్టేసుద్ది, తర్వాతే మోటార్ కాలుద్ది. నేను ఈ పనిలో 11 ఏళ్ళ నుంచి ఉన్నా, మోటార్ కంప్లైంట్ అని ఫోనొస్తే ముందు మోటార్ ముట్టుకోను. తాళంచెవి పెట్టి లీవర్ తిప్పి క్లచ్ వదిలేసి, అంటే మోటార్ పట్టు నుంచి గేటుని విడిపించి, చేత్తో తోసి చూస్తా. ఒక్క చేత్తో, నడుం బిగబట్టకుండా ఈ చివర నుంచి ఆ చివరకి పోవాలి. పోలేదంటే జబ్బు గేటుది. మోటార్ పళ్ళచక్రం (పినియన్) మీద గేటుకి బిగించిన పళ్ళపట్టీ (ర్యాక్) కూర్చుందేమో కూడా చూడండి, మధ్యలో మిల్లీమీటరో ఒకటిన్నరో సందు ఉండాలి, లేకపోతే గేటు బరువంతా షాఫ్ట్ మీదే. ఇంకోటి, పైన స్తంభం దగ్గర గేటుని పట్టుకునే గైడ్ రోలర్లు. షీటు కొట్టిన గేటు మధ్యాహ్నం ఎండకి సాగి రోలర్ల మధ్య బిగుసుకుంటది. ఇదంతా ఆగే టైములో చూస్తేనే తెలుసుద్ది. డీసీ పెట్టినా పట్టేసే గేటు పట్టేసుద్ది, కాకపోతే 38 వేల మోటార్‌తో పట్టేసుద్ది.

రామగుండం_రిటైర్డ్ (రాత్రి 11:20)
సాగుతదా? లెక్క జెయ్యి తమ్మీ. ఇనుము మీటరుకు డిగ్రీకి 12 మైక్రాన్లు వ్యాకోచిస్తది. 14 అడుగులంటే 4.27 మీటర్లు. పొద్దటికి మధ్యాహ్నానికి గేటు వేడిల తేడా 30 డిగ్రీలనుకో. మొత్తం గల్పితే ఒకటిన్నర మిల్లీమీటరు! గదీ పొడుగుల. స్లైడింగ్ గేటు పొడుగుల ఒకటిన్నర మిల్లీమీటరు పెరిగితే ఎవలికి నష్టం? ఇదేమన్న రైలు పట్టానా?

బెజవాడ_ఫిట్టర్ (రాత్రి 11:26)
సార్ నాకు మైక్రాన్లు తెలియవు. గేట్లు తెలుసు. పట్టేసుద్ది.

మల్లెపువ్వు (ఆదివారం, ఉదయం 7:50)
ఎవరేం చేసినా మోటార్ గేటుని నెట్టే ఫోర్స్ మాత్రం పెంచనివ్వకండి. మా అపార్ట్‌మెంట్‌లో ఇలాగే ఎండాకాలం గేటు ఆగిపోతోందంటే వచ్చినతను బోర్డులో ఏదో తిప్పి ఫోర్స్ పెంచేసి వెళ్ళిపోయాడు. గేటు బాగా నడుస్తోందని అసోసియేషన్ వాళ్ళు తెగ సంతోషపడ్డారు. వారం తిరక్కుండా నా స్కూటీ మీదకి మూసుకుంది. అడ్డం తగిలితే వెనక్కెళ్ళాల్సిన గేటు నెట్టుకుంటూనే ఉంది, సెన్సార్ అద్దం మీద వేలెడు దుమ్ము. నంబర్ ప్లేటు వంగింది, సైలెన్సర్ సొట్టబోయింది. ప్రెసిడెంటుగారు నేనే స్కూటీ తప్పుగా ఆపానని గ్రూపులో మెసేజ్ పెట్టారు. ఆ స్కూటీ ప్లేసులో మా బాబుంటే? అడిగితే జవాబు లేదు, ఆ నెల మెయింటెనెన్స్ నేను కట్టలేదు, ఇప్పటికీ దాని మీదే గొడవ.

కడప_కువైట్ (ఆదివారం, మధ్యాహ్నం 12:35)
మాది రాజంపేట. కువైట్‌లో తొమ్మిదేండ్లుగా గేట్లు, షట్టర్ల మోటార్ల పనే చేస్తాండా. ఈడ 2016 జులైలో మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు పడింది. ఈడ ఏసీ మోటార్లూ నడస్తాండాయి, డీసీవీ నడస్తాండాయి, ఎండకి ఏసీ ఆగదనేది వట్టి మాట. డీసీ మంచిదే, మెల్లగా ఎత్తుకుంటాది, మెల్లగా ఆగుతాది, కరెంటు పోయినా బ్యాటరీ మీద తెరుచుకుంటాది. కానీ ఆ బ్యాటరీలే తంటా. 25 డిగ్రీల మీద ప్రతి 10 డిగ్రీలకి బ్యాటరీ ఆయుష్షు సగమవుతాదని లెక్క. మోటార్ డబ్బాలోనే పెట్టి ఎండలో వదిలితే రెండు ఎండాకాలాలు చూస్తే గొప్ప. పెట్టించేటట్టయితే బ్యాటరీలు వరండాలోకి లాగించుకో. ఇంగోటి, బోర్డు డబ్బా తెరిచి బల్లి ఉండాదేమో చూడు. నవ్వబాకండి, మా చిన్నాయన ఇంట్లో బోర్డు రెండు తూర్లు బల్లి వల్లే కాలింది. వైర్లు వచ్చే బొక్కలు మూయకుండా పోతారు మనోళ్ళు.

పేట_అబ్బాయి (ఆదివారం, రాత్రి 8:10)
బల్లి లేదు, చీమలున్నాయంట, నాన్న చూశారు. రిమోట్ సంగతి అమ్మనడిగా, మీ నాన్న సంగతి తెలిసిందేగా, తెరుచుకునేదాకా నొక్కుతానే ఉంటారు అంది.

మెకానిక్ అన్నలు ఏమనుకున్నా సరే, ఒక మాట అంటా. ఆగే టైములో చూస్తేనే తెలుసుద్దని ఇక్కడ మీరే రాస్తున్నారు, నేను మా మెకానిక్‌కి మూడుసార్లూ అదే చెప్పా, రెండింటికి రావయ్యా అని. వస్తా అంటాడు, రాడు, సాయంత్రం వచ్చి నడుస్తున్న గేటుని చూసి డబ్బులు తీసుకుని పోతాడు. మొన్న గురువారం నాన్న కారులో కూర్చుని హారన్ కొడుతుంటే అమ్మ తాళంచెవి పట్టుకుని ఎండలో మోటార్ పక్కన కూర్చుంది. ఆ రిలీజ్ లీవర్ ఇనుపది, చెయ్యి పెడితే చుర్రుమంటది, కొంగు చుట్టుకుని తిప్పి గేటు తోసింది. లోపలికొచ్చి కళ్ళు తిరిగి సోఫాలో పడిపోయింది. 67 ఏళ్ళు ఆవిడకి. ఒక్క గంట ఎండలో నిలబడటానికి 600 తీసుకునేవాడికేం రోగం? మీరంతా ఒకటే.

బెజవాడ_ఫిట్టర్ (రాత్రి 8:44)
రోగమే సార్. వడదెబ్బ అంటారు దాన్ని.

పోయిన మేలో ఒక పెద్దింటివాళ్ళు ఇలాగే, ఆగే టైములోనే రండి, లేకపోతే రావొద్దు అన్నారు. నాకు వేరే పనుండి మా కుర్రాణ్ణి పంపా, 22 ఏళ్ళు వాడికి. ఒంటిగంటన్నరకి మొదలుపెట్టాడు. మూడింటికి నాకు ఫోన్ చేశాడు, మాట ముద్దముద్దగా వస్తంది, తాగావా ఏంట్రా అన్నా నేను, ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తది. వెళ్ళేసరికి ఒళ్ళు పెనంలా ఉంది, చెమట చుక్క లేదు. మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు, బిల్లు నేను కట్టా. ఆ ఇంట్లోవాళ్ళు మంచినీళ్ళ సీసా గేటు కింద నుంచి ఇచ్చారంట. పని సగంలో వదిలేశారని విజిటింగ్ కూడా ఇవ్వలేదు. ఆ కుర్రాడు తర్వాత ఈ పనే మానేశాడు, ఏసీ షోరూములో చేరాడు.

మేలో 11 నుంచి 4:30 దాకా నేను ఎవరింటికీ పోను, ఎంతిచ్చినా పోను. మీ అమ్మగారికి అలా అయినందుకు బాధగానే ఉంది సార్. కానీ ఆవిడ నిలబడకూడని ఎండలో మేం నిలబడాలా? మీ ఊరాయన చేసిన తప్పు సాయంత్రం రావడం కాదు, చూడకుండా డీసీ అమ్మడం. అది మాత్రం తప్పే.

ఉల్లిదోశ (రాత్రి 9:01)
మరి డెలివరీ కుర్రాళ్ళు ఎండలో తిరగట్లేదా

కడప_కువైట్ (రాత్రి 9:30)
తిరుగుతాండారు కాబట్టి సరేనంటావా? ఈడ జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకూ బయట ఎండలో పని చేయించకూడదని రూలుండాది. మా ఓనరు దేవుడని కాదు, ఫైన్ పడుతుందని ఆపుతాడు. తెల్లారి 5కే పనిలోకి దిగుతాం, ఆ టైముకి ఏ గేటైనా బుద్ధిగానే నడుస్తాది, నీ కత మాకు రోజూ ఉండేదే. అందుకే ఇంటోళ్ళను వీడియో తీసి పంపమంటాం. నీ మెకానిక్కు ఆ మాట చెప్పుండాల్సింది.

రామగుండం_రిటైర్డ్ (రాత్రి 9:41)
ముచ్చట యాడికో పోయింది. ఒకటిన్నర మిల్లీమీటరుకు గేటు ఎట్ల పట్టేస్తదో ఎవలూ జెప్తలేరు.

బీటెక్_బ్యాక్‌లాగ్ (రాత్రి 10:20)
నేను చెప్తా సార్. మీ లెక్క కరెక్టే కానీ గేటంతా ఒకే వేడి మీద ఉందనుకుని చేశారు. ఎండ పడేది బయటి షీటు మీద, లోపలి ఫ్రేము నీడలో ఉంటుంది. ఫ్రేము మందం 5 సెంటీమీటర్లు, ముందుకీ వెనక్కీ తేడా 10 డిగ్రీలే అనుకున్నా, బయటివైపు ఎక్కువ పెరిగి గేటు విల్లులా వంగుతుంది. ఆ వంపు నాలుగుంపావు మీటర్ల గేటుకి మధ్యలో 5 మిల్లీమీటర్ల పైనే వస్తోంది. ఫిట్టరన్న సాగుద్ది అన్నది వంగుద్ది అని. మెటీరియల్స్ పేపర్ రెండుసార్లు తప్పాను సార్, అందుకే ఇంత బాగా వచ్చు.

బెజవాడ_ఫిట్టర్ (రాత్రి 10:33)
అదే తమ్ముడూ నేను చెప్పేది! పేట బాబూ, నువ్వే ఒక ఆదివారం వెళ్ళు. గేటు లోపలివైపు ఈ చివర నుంచి ఆ చివరకి దారం బిగించి కట్టు, పొద్దున ఆరింటికొకసారి, రెండింటికొకసారి మధ్యలో సందు చూడు. తలకి తుండు కట్టుకో, పది నిమిషాలు చాలు, ఫొటోలు పంపు. రిమోట్ మాత్రం ఒకసారి ఆగితే రెండోసారి నొక్కొద్దని నాన్నగారికి చెప్పు, పట్టేసిన గేటు మీద నొక్కేకొద్దీ మోటార్ వేడెక్కి థర్మల్ స్విచ్ పడుద్ది.

పేట_అబ్బాయి (తర్వాతి మంగళవారం, రాత్రి 9:15)
ఆదివారం వెళ్ళొచ్చా. పొద్దున దారం గేటుకి అతుక్కునే ఉంది. రెండింటికి మధ్యలో నా చిటికెన వేలు దూరింది. క్లచ్ వదిలి తోస్తే సగం దాకా వచ్చి పైరోలర్ల దగ్గర కిర్రుమని ఆగింది, రెండు చేతులూ పెట్టి తొయ్యాల్సొచ్చింది. రోలర్లు గేటుకి పూర్తిగా ఆనించి బిగించేశారు, నైలాన్ అరిగి తెల్లటి పొడి రాలి ఉంది కింద. ఎదురిల్లు రెండంతస్తులు, నాలుగున్నర దాటితే మా గేటు మీద నీడ పడుద్ది, సాయంత్రానికి దారం మళ్ళీ అతుక్కుంది. మా మెకానిక్‌కి ఆరున్నరకి ఏం కనపడుద్ది మరి.

ఫొటోలు చూసి ఫిట్టరన్న రాత్రి వీడియో కాల్ చేశాడు. సోమవారం పొద్దున ఆరింటికి మా వీధిలో వెల్డింగ్ షాపాయన వచ్చి రోలర్లు నాలుగైదు మిల్లీమీటర్లు వదులు చేశాడు, ర్యాక్ ఒకచోట పినియన్ మీద కూర్చుంటే అదీ కొంచెం లేపాడు. 400 తీసుకున్నాడు. నిన్నా ఇవాళా రెండు పూటలా గేటు ఆగలేదు. బయట పెయింట్ లేత రంగుకి మార్పిస్తా, మోటార్ మీద రేకు కూడా వేయిస్తా. అన్నా, మీరంతా ఒకటే అన్నాను, సారీ. నేను ఎండలో పావుగంట ఉన్నా అంతే, తలనొప్పి రాత్రి దాకా తగ్గలేదు.

బెజవాడ_ఫిట్టర్ (రాత్రి 9:28)
పర్లేదులే. అమ్మగారికి ఎలా ఉంది? గేటు రెండు చివర్లా స్టాపర్లు గట్టిగా ఉన్నాయో లేదో చూసుకోండి, రోలర్లు వదులు చేశారు కదా, అక్కడ తేడా వస్తే గేటు పడుద్ది.

పేట_అబ్బాయి (రాత్రి 9:35)
బాగుంది అన్నా. స్టాపర్లు ఉన్నాయి. నాన్నే మారలేదు, గేటు తెరుచుకుంటున్నా రెండుసార్లు నొక్కుతున్నారు.

రామగుండం_రిటైర్డ్ (రాత్రి 10:05)
పట్టేసింది గేటు, ఆపింది థర్మల్ స్విచ్. నేను మొదటిరోజే జెప్పిన. ఇంతకు ఆ దారం నైలాన్‌దా, నూలుదా? నైలాన్‌దైతే ఎండకు సాగుతది, నీ చిటికెన వేలు లెక్క చెల్లది.