హైదరాబాద్ నుంచి లండన్‌కు అసలు ప్రయాణ కాలాన్ని ఎలా లెక్కకట్టాలి?

అందరికీ నమస్కారం. వచ్చే జూన్‌లో మా అమ్మగారు తొలిసారిగా విమానమెక్కి, శంషాబాద్ నుంచి లండన్ హీత్రూకు నేరుగా వెళ్తున్నారు. ఆవిడ రక్తం పలచబడేందుకు పన్నెండు గంటలకొక మాత్ర వేసుకోవాలి కనుక, గాలిలో ఉండే సమయం నాకు కచ్చితంగా కావాలి.

టికెట్టు మీద ఉదయం 7:45కు బయలుదేరి మధ్యాహ్నం 1:15కు చేరుతుందని ఉంది. అది చూసి అమ్మగారు "అయిదున్నర గంటలేనా, మన ఊరి బస్సు కంటే నయమే" అని సంబరపడ్డారు. వేసవిలో లండన్ మనకంటే నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది కాబట్టి అసలు ప్రయాణం పది గంటలని నాకు తేలింది.

నా సందేహం ఇక్కడే మొదలవుతుంది. ఈ రెండు నగరాల మధ్య భూగోళం మీద అతి దగ్గరి దారి సుమారు 7,750 కిలోమీటర్లు; గంటకు 900 కిలోమీటర్ల వేగంతో లెక్కిస్తే ఎనిమిదిన్నర గంటలకు కాస్త ఎక్కువే అవుతుంది. ఆకాశంలో బాగా ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే గాలులు వెళ్ళేటప్పుడు ఎదురవుతాయని, తిరుగు ప్రయాణంలో తోడవుతాయని చదివాను. అయితే మిగిలిన సమయమంతా గాలి వల్లేనా, లేక చుట్టు దారి, రన్‌వే దాకా విమానం నేల మీద సాగే సమయం కూడా ఆ పది గంటల్లో కలిసి ఉంటాయా?

ఇటీవల ఈ దారిలో వెళ్ళినవారు, విమానం నేల విడిచినప్పటి నుంచి దిగేవరకు నిజంగా ఎంతసేపు పట్టిందో దయచేసి తెలుపగలరు. అమ్మగారు తన పాత హెచ్ఎంటీ గడియారాన్ని లండన్ సమయానికి మార్చనని పట్టుబట్టారు. మాత్రలకు అదే మేలేమో కూడా చెప్పగలరు.